మర్యాద కోసం నాలుగు వేల సంతకాలు

కార్వాన్,
ఫిబ్రవరి 9.

చిరంజీవి చిట్టికి మామ ఆశీస్సులు.

నీ ఫోన్ పదకొండు రోజులుగా పలకడం లేదు. మీ అమ్మని అడిగితే "ఏదో పనిల ఉన్నదట తమ్మీ, నువ్వేం ఫికర్ చెయ్యకు" అంటుంది. మా అక్క ఫికర్ చెయ్యొద్దు అన్నదంటేనే నాకు ఫికర్ మొదలవుతుంది. పైగా మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న పురానాపూల్ గది ఖాళీ చేసి, చెప్పాపెట్టకుండా సైదాబాదు పోయావట. కొత్త అడ్రసు ఒక్కటే ఇచ్చింది. కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నోటితో గిట్ల గట్ల అంటాను గానీ, నలభై ఏళ్ళుగా పత్రికలకు ఉత్తరాలు రాసిన చెయ్యి ఇది. కలం పట్టుకుంటే అచ్చులో ఉన్న తెలుగే వస్తుంది. ఇది మూసీ దాటి నీ దగ్గరికి రావడానికి మూడు రోజులు పడుతుందట. నడిచి వచ్చినా అంత పట్టదు.

మన "ఏడో కక్ష్య" చూస్తున్నావా? డిసెంబరులో కొత్త సీజన్ మొదలైనప్పటినుంచి నువ్వు ఆదివారం సాయంత్రాలు రావడం మానేశావు. మూడేళ్ళు ఇద్దరం పోటీపడి చూసిన ఇంగ్లీషు డబ్బింగ్ సీరియల్ అది. ఇప్పుడు నేనొక్కణ్ణే చూస్తున్నాను. మీ అత్త విమల పక్కన కూర్చుంటుంది గానీ, అంతరిక్ష నౌక భూమి దాటకముందే నిద్రపోతుంది.

కెప్టెన్ హార్లన్ పోయాడు. ఆయన చోట మరీశా అనే ఆడమనిషిని పెట్టారు. పెట్టనీ, నాకేం అభ్యంతరం లేదు. నా బాధంతా భాష గురించి. తెల్లగడ్డం డాక్టర్ ఓబెన్ ఉన్నాడు కదా, ఆయన్ని పట్టుకుని ఈ మహాతల్లి "నువ్వు పక్కకి తప్పుకో, నేను చూసుకుంటాను" అంది. అరవై దాటిన మనిషిని. ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే కనుక ఆ తప్పు ఇంగ్లీషువాళ్ళది కాదు. తెలుగు మాటలు రాసినవాడిది. పాత రచయిత మానేసి కొత్తవాడెవడో చేరాడట. పేరు కూడా వెయ్యరు. వేస్తే మొహం చెల్లదని కాబోలు.

ఊరుకోలేదు. అభిమానుల గ్రూపులో పెట్టడానికి ఒక వినతిపత్రం తయారుచేశాను. "పెద్దలను ఏకవచనంలో సంబోధించడం మన సంస్కారం కాదు, కెప్టెన్ మరీశా ఇకపై అందరినీ 'మీరు' అనాలి" అని. గ్రూపు నడిపే వివేక్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి చదివి పొంగిపోయాడు. నాలుగు వేల రెండొందల సంతకాలు వచ్చాయి. మొదటి సంతకం నాదే. తెలుగు ఎం.ఏ. చదివినదానివి, నువ్వు కూడా ఒకటి పడేస్తే నిండుగా ఉంటుంది.

నీ మామ,
వైకుంఠం


సైదాబాద్,
ఫిబ్రవరి 14.

మామా,

నీ ఉత్తరం అందింది. ఫోన్ నీళ్ళలో పడింది. బాగుచేయించాలి. తీరిక దొరకడం లేదు. ఇల్లు మారింది ఆఫీసుకి దగ్గరని. అత్తని కంగారు పడొద్దను.

సంతకం పెట్టను. నువ్వు కోప్పడినా సరే.

నాకొకటి చెప్పు. హార్లన్ మూడేళ్ళపాటు ఇదే డాక్టర్ ఓబెన్ని ఏమన్నాడు? "నువ్వు నోరు మూసుకో" అన్నాడు. "ముసలాడా, నువ్వు నా ఓడలో బరువువి" అన్నాడు. నువ్వు సోఫా మీదనుంచి లేచి చప్పట్లు కొట్టావు. నేను పక్కనే ఉన్నాను మామా. అప్పుడు ఓబెన్‌కి గడ్డం లేదా? నల్లగా ఉందా?

ఇంకోటి. నిన్ను నేను ఏమంటాను? నువ్వు అనే కదా. అమ్మమ్మ ఎవరినైనా మీరు అనగా విన్నావా? మన ఇళ్ళలో తాతని కూడా నువ్వు అనే పిలుస్తాం. ఆ మాటలో ఎవరికీ అవమానం కనిపించలేదు. టీవీలో ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని అనేసరికి అది సంస్కారం కాకుండా పోయిందా?

నీకు కోపం తెప్పించాలని కాదు. నాకు తెలిసినవాళ్ళు ఆ డబ్బింగ్ స్టూడియోలో ఉన్నారు. నీ వినతిపత్రం అక్కడిదాకా వచ్చింది. ఛానల్ వాళ్ళు ఆ రచయితకి మార్చి నెలాఖరు దాకా గడువిచ్చారు. మిగిలిన పన్నెండు భాగాల్లో నువ్వులన్నీ తీసేసి మీరులు పెట్టాలి. లేకపోతే వేరేవాళ్ళు రాస్తారు. ఆ పని ఆ మనిషికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. నీ గ్రూపులోవాళ్ళు సంతకాలతో ఆగలేదు కూడా. ఫోన్లు చేస్తున్నారు. వాళ్ళు మాట్లాడేది వ్యాకరణం గురించి కాదు.

నీ పేరు వెనక్కి తీసుకో మామా. ఇప్పటికి ఇంతే అడుగుతున్నాను. కాలు ఒకచోట నిలవడం లేదు, గదిలో తిరుగుతూ తిరుగుతూ రాస్తున్నాను. దస్తూరీ చూసి వెక్కిరించకు.

చిట్టి


కార్వాన్,
ఫిబ్రవరి 20.

చిరంజీవి చిట్టికి,

దస్తూరీ నిజంగానే కోడి కెలికినట్టుంది. వెక్కిరించక తప్పదు.

హార్లన్ సంగతి అడిగావు. రెండు రోజులు ఆలోచించాను. దుకాణంలో తాళ్ళు కొలుస్తూ ఆలోచించి ఒక గిరాకీకి పది మూరలు ఎక్కువ ఇచ్చాను. మన గుమాస్తా సీతారాం చూసి "సేటు మనసు ఈడ లేదు" అన్నాడు. నా జవాబు ఇది. హార్లన్ నువ్వు అంటే అది చనువు. భుజం మీద చెయ్యి వేసినట్టుంటుంది. మరీశా అదే మాట అంటే నా చెంప మీద కొట్టినట్టుంటుంది. ఎందుకని అడగకు, నాకు తెలియదు. నాలుగు వేల మందికి అలాగే ఉందంటే అందులో ఏదో ఉన్నట్టే కదా. పేరు వెనక్కి తీసుకుంటే వివేక్ దగ్గర నా పరువేం కాను? అక్కడ నన్నందరూ "పెద్దాయన" అంటారు. దుకాణంలో నా మాట వినేది సీతారాం ఒక్కడే. వాడు కూడా సగమే వింటాడు.

ఫోన్ల సంగతి చదివి మనసు చివుక్కుమంది. నీ దగ్గర దాపరికం ఎందుకు, అందులో నా చెయ్యి కొంచెం ఉంది. జనవరి రెండో వారంలో వివేక్, "పెద్దాయనా, రచయితతో నేరుగా మాట్లాడితే పని తొందరగా అవుతుంది" అన్నాడు. స్టూడియోకి ఫోన్ చేసి, సెట్టింగుకి తాళ్ళు పంపే దుకాణం అని చెప్పాను. గేటు దగ్గరుండే డానియేలు అనే అతను పాపం మంచివాడు, రిజిస్టరు చూసి, పేరు లేకుండా, రచయిత నెంబరు ఒక్కటే చెప్పాడు. కాగితం ముక్క మీద రాసుకుని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టి చదివి వినిపించాను. "మర్యాదగా మాట్లాడండి" అని రెండుసార్లు చెప్పాను కూడా. కుర్రవాళ్ళు కదా, ఒకరిద్దరు తొందరపడి ఉంటారు.

ఆ రచయిత నీకు తెలిసినవాడైతే నా తరఫున చెప్పు. ఆయన మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు. మాటలు బాగానే రాస్తాడు. గ్రహశకలం ఢీకొట్టే భాగంలో మరీశా ఒంటరిగా మాట్లాడుకునే మాటలు విని నేనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ నువ్వు ఒక్కటి లేకపోతే ఆయనకి దండ వేసేవాణ్ణి.

నీ మామ,
వైకుంఠం


సైదాబాద్,
ఫిబ్రవరి 25.

మామా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవలేక మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. మళ్ళీ తీశాను. ఇప్పుడు ఎదురుగా ఉంది.

ఆ రచయిత ఆయన కాదు. ఆమె.

ఫోన్ చేసింది ఒకరిద్దరు కాదు. మొదటి రోజు సాయంత్రానికి మూడు వందల పైచిలుకు కాల్స్. సగం మంది ఫోన్ ఎత్తగానే ఆడగొంతు విని నవ్వారు. "ఓహో, అందుకా" అన్నారు. వాళ్ళకి అంతా అర్థమైపోయిందట. ఒకడు రోజూ పొద్దున తొమ్మిదింటికి చేసి, "మీరు టిఫిన్ చేశారా, మీరు స్నానం చేశారా, మీరు ఒంటరిగా ఉంటారా" అని అడిగేవాడు. మామా, వాడు ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. నీకు కావలసిన మర్యాదంతా వాడి దగ్గర ఉంది. ఆ తర్వాత ఎవరో ఆమె ఉండే సందు ఫొటో తీసి పంపారు. మెట్ల కింద ఆమె చెప్పులు కూడా ఫొటోలో ఉన్నాయి. మర్నాడే ఆమె ఇల్లు ఖాళీ చేసింది. సామాను సగం అక్కడే వదిలేసింది.

ఇప్పుడు బయట బండి ఆగితే కిటికీ దగ్గరికి పోతుంది. కూర్చుంటే లేస్తుంది. ఒక పేజీ రాయడానికి రోజంతా పడుతోంది. మరీశా నోట్లో ఒక మాట పెట్టి, కొట్టేసి, మళ్ళీ అదే పెడుతోంది. ఇంతవరకు ఆ పని కోసం పొద్దున్నే ఉత్సాహంగా నిద్ర లేచేది.

నీ దగ్గర ఆ కాగితం ముక్క ఇంకా ఉండి ఉంటుంది. నువ్వు ఏ కాగితమూ పారెయ్యవు. ఆ నెంబరుకి నువ్వే ఒకసారి ఫోన్ చెయ్యి. సంస్కారం గురించి నాకు చెప్పినదంతా ఆమెకే చెప్పు.

చిట్టి


కార్వాన్,
మార్చి 7.

చిట్టీ,

చేశాను.

నీ ఉత్తరం దుకాణంలో అందింది. వెంటనే గల్లా అడుగున వెతికి ఆ కాగితం తీశాను. అంతవరకు నేను ఆ నెంబరుకి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. ఆమెకి క్షమాపణ చెబుదామనే ఒక్కొక్క అంకె నొక్కాను. పదో అంకె నొక్కగానే ఫోన్ మీద "చిట్టి" అని పేరు వచ్చింది. కింద నీ ఫొటో. నా కళ్ళద్దాలు పెట్టుకుని నువ్వు నవ్వుతున్న ఫొటో.

ఫోన్ పాడైందనుకున్నాను. మళ్ళీ నొక్కాను. మళ్ళీ నువ్వే.

ఈ రోజుల్లో ఎవరి నెంబరు ఎవరికి నోటికొస్తుంది చిట్టీ? నా ఫోన్లో నువ్వొక పేరువి. ఆ పది అంకెలూ నా నోటితో నేనే నాలుగు వేల మందికి చదివి వినిపించాను. అవి ఎవరివో నాకు తెలియలేదు. మీ అత్తకి చెప్పాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

సైదాబాదు వచ్చాను. నువ్వు లోపలే ఉన్నావని కింది వాటా రామలింగయ్య గారు చెప్పారు. నా గొంతు విని కూడా తలుపు తియ్యలేదు. తియ్యకపోవడమే సరి.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ దాచాను. మీ అమ్మమ్మ నాగమణమ్మ మోకాళ్ళ నొప్పులతో దుకాణం మానేసిందని మీ అందరికీ చెప్పాను. అది అబద్ధం. ముప్పై ఏళ్ళు ఈ గల్లా మీద కూర్చుని, హమాలీ నుంచి టోకు వ్యాపారి దాకా అందరినీ నువ్వు అనే పిలిచింది. ఒకరోజు తూనికల ఇన్‌స్పెక్టర్ని "సారూ, నువ్వు గీడ కూసో, ఛాయ్ తాగు, గప్పుడు సూద్దువు" అంది. పక్క దుకాణాలవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం, నలుగురిలో మీరు అనడం నేర్చుకొమ్మని అమ్మకి చెప్పాను. అమ్మ అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

"మీరు అంటే మస్తు మంది ఉన్నట్టురా. నా ముంగట ఉన్నది గాయన ఒక్కడే గద. ఒక్కన్ని పట్టుకొని మీరు అని ఎట్లంట?"

మర్నాడు దుకాణం నేను తెరిచాను. నువ్వింక రావద్దన్నాను. రెండేళ్ళు బతికింది. ఎందుకు రావద్దన్నావని ఒక్కసారి కూడా అడగలేదు. మరీశా ఆ కుర్చీలో కూర్చుని నువ్వు అన్నప్పుడు నా చెంప ఎందుకు మండిందో ఇప్పుడు తెలిసింది. నేను సిగ్గుపడుతున్నాను చిట్టీ. ఇంతకంటే మంచి మాట రావడం లేదు.

గ్రూపులో నా సంతకం తీసేయమని రాశాను. నెంబరు ఇచ్చింది తప్పు, ఇక ఎవరూ ఆ అమ్మాయి జోలికి పోవద్దు అని రాశాను. "తాతా, నువ్వు పక్కకి తప్పుకో" అన్నారు. ఒక పూట నవ్వుకుని నన్ను తీసేశారు. వివేక్ నా ఫోన్ ఎత్తడం లేదు. ఛానల్‌కి రాశాను. ఒక్కరి అభిప్రాయంతో నిర్ణయం మారదని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

నిన్న పోలీసు స్టేషన్‌కి పోయి, నెంబరు ఇచ్చింది నేనే అని రాసి ఇచ్చాను. నా పేరే మొదట రాసుకున్నారు. అదే కావాలి. అయితే కేసు నడవాలంటే ఫిర్యాదు మీద నీ సంతకం ఉండాలట. కాగితం జతచేశాను. పెడతావో మానేస్తావో నీ ఇష్టం. నన్ను తప్పించాలని మాత్రం మానెయ్యకు.

వైకుంఠం


సైదాబాద్,
మార్చి 30.

శ్రీ వైకుంఠం గారికి నమస్కారములు.

మీరు రాసిన ఉత్తరం అందింది. మీరు, అత్తయ్య గారు కుశలమని తలుస్తాను.

మీరు పంపిన ఫిర్యాదు మీద సంతకం చేసి స్టేషన్‌లో ఇచ్చాను. అందులో మీ పేరు ఉన్న వాక్యం కొట్టెయ్యలేదు. అక్కడివాళ్ళు మీ గురించి అడిగారు. మీరు నాకు దూరపు బంధువులని చెప్పాను.

రచయిత పేరు బయటపెట్టకూడదన్న ఒప్పందం వల్ల ఈ పని సంగతి మీకు ముందు చెప్పలేదు. మిగిలిన పన్నెండు భాగాలకీ నేను రాయవలసినదంతా రాసి నిన్న స్టూడియోలో ఇచ్చాను. ఒక్క నువ్వు కూడా తియ్యలేదు. మేనేజరు చదవకుండానే పక్కన పెట్టి, ఏప్రిల్ నుంచి వేరొకరు రాస్తారని చెప్పారు. కాబట్టి మీరు కోరిన మార్పు త్వరలోనే వస్తుంది. మీ వినతిపత్రం నెరవేరినట్టే.

అమ్మమ్మ సంగతి మీరు చెప్పినందుకు కృతజ్ఞతలు. మరీశా గొంతు ఎక్కడిది అని అప్పుడప్పుడు నన్ను నేను అడిగేదాన్ని. ఆ కుర్చీలోంచి అమ్మమ్మను కూడా ఎవరు లేపారో ఇప్పుడు తెలిసింది.

మీరు దయచేసి సైదాబాదు రావద్దు. ఎండలు ముదిరాయి. మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోగలరు.

ఇట్లు,
స్రవంతి


కార్వాన్,
ఏప్రిల్ 14.

చిట్టీ,

నీ ఉత్తరంలో ఎన్ని మీరులు ఉన్నాయో లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాను. ముప్పై ఏళ్ళలో నువ్వు నన్ను ఎన్నో అన్నావు. పిసినారివి అన్నావు, చాదస్తం అన్నావు, అద్దాలు పోగొట్టుకుంటే గుడ్డివాడివి అన్నావు. ఒక్కటీ తగల్లేదు. ఇది తగిలింది. దూరపు బంధువు అన్న మాటకంటే గట్టిగా తగిలింది.

స్టేషన్‌కి పిలిచి మళ్ళీ వాంగ్మూలం తీసుకున్నారు. ఫొటో తీసినవాడెవడో తెలిసింది, మన పురానాపూల్ వాడే. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. "మీరు చెప్తేనే గద అంకుల్, మేము ఫోన్ చేసింది" అన్నాడు. స్టేషన్‌లో వాడి పక్కన బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను.

నిన్న సాయంత్రం కొత్త రచయిత రాసిన భాగం వచ్చింది. ఓడకి నిప్పంటుకుంది. మరీశా పరుగెత్తుకుంటూ వచ్చి, "డాక్టర్ గారూ, మీరు దయచేసి ఆ తలుపు మూయగలరా" అంది. మీ అత్త ఈసారి నిద్రపోలేదు. "గీమె గిట్ల బతిమాలుకుంట కూసుంటే అందరు సచ్చిపోతరు" అంది. ఓబెన్ మెల్లగా లేచి తలుపు మూశాడు. నాకు చూడబుద్ధి కాక టీవీ కట్టేశాను.

గ్రూపులో ఏమంటున్నారో సీతారాం ఫోన్లో చదివించుకున్నాను. మీరు వచ్చినందుకు ఒక్కడు కూడా సంతోషపడలేదు. ఇప్పుడు ఆమె నడక బాగాలేదట. జుట్టు కురచట. అసలు ఆమెకి ఓడ ఎందుకిచ్చారని కొత్త వినతిపత్రం తయారైంది. మీరు అన్నా ఊరుకోరు చిట్టీ, మూగదాన్ని చేసినా ఊరుకోరు. వాళ్ళకి మొదటినుంచీ అక్కర్లేనిది ఆ మనిషే. వాళ్ళు నోటితో చెప్పలేనిదాన్ని మర్యాద అనే పేరు పెట్టి నీటుగా రాసిచ్చింది నేను. కొత్త కాగితం కూడా నా వాక్యంతోనే మొదలైంది. "మన సంస్కారం కాదు" అని.

గద్దించి చెప్పే హక్కు పోగొట్టుకున్నాను కనుక, నువ్వు మళ్ళీ రాయాలని చెప్పను. క్షమించమని కూడా అడగను. సైదాబాదు రావద్దన్నావు, రాను. దుకాణం మాత్రం పొద్దున పదింటి నుంచి తెరిచే ఉంటుంది. కోపం తగ్గాక రమ్మనడం లేదు. కోపంతోనే రా. సీతారాం ముందు, గిరాకీల ముందు, పక్క దుకాణాలవాళ్ళంతా వినేటట్టు, ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టు. నన్ను నువ్వు అని తిట్టు.

మామ